మన లైసెన్సు – పరాయి రోడ్డు

మన సొసైటీ సావనీరులో ప్రతి ఏడు ఒక చరిత్ర వ్యాసము ఉండుట ఆనవాయితీ. సాధారణముగా గోల్కొండ కోటను గురించో, నిజాముల నాటి దవాఖానాలను గురించో, చెరువులను గురించో వ్రాస్తారు. అవి వ్రాయదగినవే, కాదనను. కాని ఈసారి కార్యవర్గము వారు నన్ను అడిగినపుడు నాకు కోటలు గుర్తుకు రాలేదు. మా మామూ ఇనుప పెట్టెలో ఉన్న రెండు లైసెన్సులు గుర్తుకు వచ్చినవి. ఒకటి మన దేశపుది, అట్ట చిరిగిన చిన్న పుస్తకము. రెండవది గల్ఫు దేశపుది, అరబ్బీ అక్షరాలు, ఫోటో గల కార్డు. ఆ పుస్తకము చేత పట్టుకొని పోయిన మనిషికి ఈ కార్డు చేతికి వచ్చేసరికి ఏడు నెలలు పట్టినవి. ఇటువంటి ఏడు నెలలు మన కందుకూరు చుట్టుపక్కల ఎన్నో ఇండ్లలో ఉన్నవి గాని, దానిని చరిత్ర అని ఎవరూ అనుకోలేదు.

కందుకూరు అంటే కోస్తాలోని కందుకూరు కాదు, శ్రీశైలం రోడ్డు మీది మన కందుకూరు. పట్నం నుండి చాంద్రాయణగుట్ట దాటి, బార్కాస్, పహాడీ షరీఫ్, తుక్కుగూడ మీదుగా వచ్చే ఈ రోడ్డే మన పిల్లలకు మొదటి డ్రైవింగ్ స్కూలు. క్లీనరుగా లారీ ఎక్కడం, ఉస్తాదు చేతి దెబ్బలు తినడం, రాత్రిపూట ఉస్తాదు నిద్ర పోతుంటే స్టీరింగ్ పట్టడం, ఆ తరువాత ఎప్పుడో బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందర ఎనిమిది వేసి చూపించడం. ఇదీ వరుస. మామూ 1966లో లైసెన్సు తీసుకున్నారు. ఆ తరువాత హెవీ చేయించుకున్నారు. పన్నెండేండ్లు శ్రీశైలం ఘాటులో లారీ నడిపిన మనిషి 1978లో డ్రైవరు వీసా మీద గల్ఫు పోయినారు.

అప్పుడు శంషాబాదు విమానాశ్రయము లేదు. అది 2008 మార్చిలో వచ్చినది. ఇప్పుడు గంటలోపే పోయి విమానం ఎక్కుతున్నాము గాని, ఆ రోజులలో నాంపల్లిలో రైలెక్కి బొంబాయి పోవలెను. అక్కడ ఏజెంటు చూపిన గదిలో పదిమందితో పడుకొని, టికెటు వచ్చేదాకా ఎదురు చూడవలెను. విమానపు డబ్బు లేనివారికి ఓడ ఉండేది. బొంబాయి నుండి గల్ఫు రేవులకు ‘ద్వారకా’ అనే ఓడ 1982 వరకు తిరిగినది. దాని డెక్కు మీద పోయినవారు మన పెద్దలలో కలరు.

మామూ అక్కడ దిగగానే ముదీరు లైసెన్సు పుస్తకము తీసి చూసి, నవ్వి, తిరిగి చేతిలో పెట్టినాడట. ఇక్కడ ఇది చెల్లదు, టెస్టు ఇచ్చి మా లైసెన్సు తెచ్చుకో, అంతదాకా గోదాములో సామాను ఎత్తు అన్నాడట. జీతం సగమే. ఏజెంటుకు కట్టిన అప్పు మాత్రం ఇక్కడ పూర్తిగానే పెరుగుచుండెను. రెండుసార్లు టెస్టులో తప్పినారు. మూడవసారి అయినది. ఎందుకు తప్పినారని నేను చిన్నతనంలో అడిగితే, “చెయ్యి నేర్చింది మరువదు బేటా. కుడి దిక్కు నడపాలంటే కన్ను కొత్తగ నేర్వాలె” అన్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. నేర్చిన చేయి అదే, లారీ అదే, పెట్రోలు వారిదే! మరి ఒక దేశపు లైసెన్సు ఇంకొక దేశంలో ఎందుకు చెల్లదు? ఎవరిది చెల్లుతుంది, ఎవరిది చెల్లదు అని నిర్ణయించినది ఎవరు?

మోటారు కారుకు మొదట లైసెన్సు అనే మాటే లేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ తన బండి బయటకు తీస్తే ఆ చప్పుడుకు, వాసనకు జనం గోల పెట్టినారు. 1888లో బాడెన్ ప్రభుత్వము వారు రోడ్డు మీద నడుపుకోవచ్చునని ఆయనకు ఒక కాగితము వ్రాసి ఇచ్చినారు. లైసెన్సులకు ముత్తాత అదే. 1893లో పారిస్ పోలీసులు పరీక్ష పెట్టినారు. బ్రిటన్‌లో 1903 చట్టముతో లైసెన్సు వచ్చినది గాని పరీక్ష లేదు, ఐదు షిల్లింగులు కట్టితే చాలు. మనలను ఏలిన ఆ దొరల దేశంలో డ్రైవింగు టెస్టు తప్పనిసరి అయినది 1935 జూన్‌లో. అనగా ముప్పది ఏండ్లు వారు పరీక్ష లేకుండానే నడిపినారు. నేడు మన పిల్లవాడు లండన్ పోయి టెస్టులో తప్పి తల వంచుకొని వస్తే ఈ సంగతి అతనికి చెప్పవలెను, కొంత ఊరట!

బ్రిటిష్ ఇండియాకు మోటారు చట్టము 1914లోను, తరువాత పెద్ద చట్టము 1939లోను వచ్చినవి. మనది అప్పుడు నిజాం రాజ్యము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ రోల్స్ రాయిస్ కారుకు ఆర్డరు ఇచ్చి, అది చేరకముందే 1911లో కాలం చేసినారు. ఆ కారును ఈనాటికీ చౌమహల్లా పాలెస్‌లో చూడవచ్చు. 1932లో నిజాం రైలు రోడ్డు శాఖ వారు 27 బస్సులతో, 166 మంది నౌకర్లతో బస్సులు మొదలుపెట్టినారు. విలీనము తరువాతనే 1939 చట్టము మనకు వర్తించినది. మామూ పుస్తకము ఆ చట్టము కిందిదే. ఇప్పుడు నడుస్తున్నది 1988 చట్టము, 1989 జూలై నుండి అమలులో ఉన్నది.

దేశాల మధ్య ఒప్పందము కథ వేరు. ఐరోపాలో ధనవంతులు కార్లలో ఒక దేశం నుండి మరొక దేశానికి షికారు పోవడం మొదలుపెట్టగానే సరిహద్దులలో తగాదాలు వచ్చినవి. దానిమీద 1909లో పారిస్‌లో మొదటి ఒప్పందము జరిగినది. 1926లో మళ్ళీ పారిస్‌లో ఇంకొకటి, 1949లో జెనీవాలో, 1968లో వియన్నాలో. మన దేశము 1962లో జెనీవా ఒప్పందములో చేరినది. మనవారు ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ అనుకునే కాగితము ఈ ఒప్పందాల బిడ్డయే. నిజానికి అది లైసెన్సు కాదు, పర్మిటు. మన లైసెన్సులో ఉన్నదానిని అనేక భాషలలో చెప్పే తర్జుమా వంటిది. జేబులో అసలు లైసెన్సు లేకుంటే దానికి విలువ లేదు.

దయచేసి ఇక్కడ కొంచెము ఆగి చదవండి, మన ఊళ్ళో ఎక్కువమంది మోసపోయేది ఇక్కడనే. ఈ ఒప్పందాలు చేసుకున్నది షికారు పోయేవారి కోసము, బ్రతుకుతెరువుకు పోయేవారి కోసము కాదు. జెనీవా ఒప్పందములో మొట్టమొదటనే వ్రాసినారు: ఒక సంవత్సరమునకు మించి తమ దేశములో ఉండిపోయిన డ్రైవరుకు ఈ సౌకర్యము ఇవ్వవలసిన పని ఏ దేశానికీ లేదని. వియన్నా ఒప్పందము కూడ నివాసము మార్చుకున్న వారి లైసెన్సును ఒప్పుకోవలసిన నిర్బంధము లేదన్నది. కనుక చుట్టపుచూపుగా పోయిన సేఠ్‌ సాహెబు కారు అద్దెకు తీసుకొని నడపవచ్చు. వీసా మీద, ఇఖామా మీద పోయిన డ్రైవరు మాత్రం ఆ దేశపు లైసెన్సే తీసుకోవలెను. ‘ఇంటర్నేషనల్ చేయించినా, ఇంక దునియా మొత్తం నడపొచ్చు’ అని ఏజెంటు చెప్పితే నమ్మవద్దు.

ఆ దేశపు లైసెన్సు తీసుకొనుటకు రెండు దారులు కలవు. ఒకటి మార్పిడి. మీ లైసెన్సు వారికి చూపితే, కన్ను పరీక్ష చేసి, రుసుము తీసుకొని వారిది ఇస్తారు. రెండవది మొదటి నుండి పరీక్ష. ఎవరికి మార్పిడి, ఎవరికి పరీక్ష అనేది ప్రతి దేశము తన జాబితా తాను వ్రాసుకుంటుంది. అరబ్ ఎమిరేట్ల జాబితాలో గల్ఫు సహకార మండలి దేశాలు, అమెరికా, బ్రిటన్, ఐరోపా దేశాలు, జపాన్, ఆస్ట్రేలియా మొదలైనవి ఉన్నవి. ఆ రోడ్ల మీద లక్షలాదిగా పనిచేస్తున్న మన దేశస్థుల లైసెన్సు నేరుగా మార్చుకునే వీలు అక్కడ లేకపోయినది.

ఎడమ కుడి తేడాయే దీనికి కారణమని కొందరంటారు. అది కొంత నిజమే. గల్ఫులో కుడివైపు నడపవలెను. అయితే అది అనాది నుండి వచ్చిన పద్ధతి కాదు. ఎమిరేట్ల గడ్డ మీద 1966 వరకు, బహ్రెయిన్‌లో 1967 వరకు బండ్లు ఎడమవైపే నడిచినవి. మన తెలుగువారు ఒకప్పుడు వేలాదిగా బ్రతుకుతెరువుకు పోయిన బర్మాలో 1970లో మార్చినారు. ఇంతకూ బ్రిటన్ వారు, జపాన్ వారు, ఆస్ట్రేలియా వారు మనవలె ఎడమవైపు నడిపేవారే కదా! వారి లైసెన్సుకు మార్పిడి కలదు. కాబట్టి ఇది చేతికి, కంటికి సంబంధించినది కాదు. మీ దేశంలో లైసెన్సు ఎట్లు ఇస్తారో మాకు నమ్మకము ఉన్నదా లేదా అన్న ప్రశ్న. అది ఒక ప్రభుత్వము ఇంకొక ప్రభుత్వమును అడిగే ప్రశ్న. జవాబు మాత్రం గోదాములో మూటలు ఎత్తుతూ మా మామూ చెప్పవలసి వచ్చినది.

మన తప్పు లేదని నేను అనను. బండి ఎక్కకుండానే ఏజెంటు చేతుల మీదుగా లైసెన్సు తెచ్చుకున్నవారు మన మధ్యనే కలరు, పెండ్లిళ్ళలో గొప్పగా చెప్పుకుంటారు కూడ. అటువంటి కాగితము ఒక్కటి ఉన్నా, పన్నెండేండ్లు ఘాటులో నడిపినవాని కాగితము కూడ దాని పక్కన పలుచనైపోతుంది.

ఇందులో విచిత్రము ఒకటి చెప్పవలెను. మన 1988 చట్టము తొమ్మిదవ సెక్షనులో, విదేశపు లైసెన్సు గల మనిషి ఇక్కడ అదే తరగతి బండికి లైసెన్సు అడిగితే నడిపి చూపే పరీక్ష అవసరము లేదు, వైద్య ధృవపత్రము ఉంటే చాలునని ఉన్నది. ఏ దేశపు లైసెన్సు అని అడగలేదు, జాబితా పెట్టలేదు. మనము అందరినీ నమ్మినాము. ఇది మన పెద్దమనసో, అమాయకత్వమో పాఠకులే ఆలోచించవలెను. మీరు మా లైసెన్సును ఒప్పుకుంటేనే మేము మీ లైసెన్సును ఒప్పుకుంటామని ఒక మాట అడిగి ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది.

ఇంకొక విచిత్రము బ్రిటన్‌ది. అక్కడ మన లైసెన్సుతో 12 నెలలు నడపవచ్చు, ఆ తరువాత ప్రొవిజనల్ తీసుకొని పరీక్షలు ఇవ్వవలెను. 2021 మేలో వారు తమ మార్పిడి జాబితాలో అరబ్ ఎమిరేట్లను చేర్చినారు. ఫలితమేమనగా, మన కందుకూరు పిల్లవాడు దుబాయిలో పరీక్ష నెగ్గి తీసుకున్న లైసెన్సును లండన్‌లో మార్చుకోవచ్చు. కందుకూరు నుండి నేరుగా పోయిన అతని తమ్ముడు మాత్రం ఎల్ బోర్డు పెట్టుకోవలెను. ఇద్దరికీ బండి నేర్పినది ఒకే చాచా, ఒకే శ్రీశైలం రోడ్డు! షికాగోలో డేవన్ అవెన్యూ అని మన హైదరాబాదీల దుకాణాలు గల వీధి ఉన్నది. ఆ ఇల్లినాయ్ రాష్ట్రంలో కాపురము పెట్టినవారు 90 రోజులలో అక్కడి లైసెన్సు తీసుకోవలెను, మనవారికి పరీక్ష తప్పదు.

గల్ఫుకే తిరిగి వస్తాను, మన బ్రతుకు అక్కడే ముడిపడి ఉన్నది. మన రోడ్డు మీది బార్కాస్ పేరే బ్యారక్స్ నుండి వచ్చినది. నిజాం ఫౌజులో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతి అక్కడ ఉన్నది. 1948 తరువాత కొందరిని తిరిగి పంపినారు, మిగిలినవారు హైదరాబాదీలైనారు. 1973లో చమురు ధర పెరిగి గల్ఫులో పనులు పుట్టినపుడు బార్కాస్ వారికి పాత బంధుత్వాలు, అరబ్బీ భాష అక్కరకు వచ్చినవి. వారి వెంట వారి దోస్తులుగా మన కందుకూరు, మహేశ్వరం పక్కవారు పోయినారు. అరబ్బీలో లైసెన్సును రుఖ్సా అంటారు. మన ఉర్దూలో రుఖ్సత్ అంటే సెలవు, పెండ్లికూతురును పంపితే రుఖ్సతీ. ఇంటి వద్ద రుఖ్సత్ తీసుకొని పోయినవాడు అక్కడ రుఖ్సా కోసము నిలబడవలెను అని మామూ నవ్వేవారు.

అక్కడ తీసుకున్న రుఖ్సా కూడ శాశ్వతము కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యము కువైట్‌లో ప్రవేశించినపుడు, మన దేశము అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేల మందికి పైగా మనవారిని విమానాలలో తెచ్చినది. ఇండ్లు, కార్లు, జీతపు బాకీలు అక్కడే వదలి కట్టుబట్టలతో వచ్చిన ఆ జనంలో, చేతిలో కువైట్ లైసెన్సు మిగిలినవారు ఎందరో. దేశమే లేకుండా పోయిన ఆ నెలలలో ఆ కార్డును ఎవరికి చూపవలెను?

ఆ తరువాత నియమాలు ఇంకా బిగిసినవి. కువైట్‌లో పరదేశీయుడు సొంతానికి లైసెన్సు తీసుకోవలెనంటే డిగ్రీ, నెలకు 600 దీనార్ల జీతము, రెండేండ్ల నివాసము ఉండవలెనని షరతులు పెట్టినారు. డ్రైవరు పని మీద పోయినవారికి ఇందులో మినహాయింపు ఉన్నది. స్టీరింగు పట్టుటకు బి.ఏ. ఎందుకని మన ముసలివారు అడుగుతారు, సమాధానము నా వద్ద లేదు. మన దేశములోను లారీ, బస్సు లైసెన్సుకు ఎనిమిదవ తరగతి ఉండవలెనని నియమము ఉండేది, దానిని 2019లో ఎత్తివేసినారు. బడికి పోని మంచి డ్రైవర్లు కొందరు దానివలన రోడ్డు మీదికి రాగలిగినారు.

సౌదీలో మన పిల్లలు ఎక్కువగా హౌస్ డ్రైవర్లు. మేడమును మార్కెటుకు, పిల్లలను బడికి తీసుకొనిపోవుట వారి పని. 2018 జూన్ 24 నుండి అక్కడ స్త్రీలు కారు నడుపుటకు అనుమతి వచ్చినది. దానికి ఇరవై రోజుల ముందు, జూన్ 4న, మొట్టమొదట లైసెన్సు అందుకున్న పదిమంది స్త్రీలు ఎవరనుకున్నారు? విదేశాలలో లైసెన్సు తీసుకొని ఉన్నవారు. ఆ విదేశపు కార్డు ఇచ్చి సౌదీ కార్డు పుచ్చుకున్నారు. తమ ఇంట్లో దొరకని కాగితమును బయటి దేశము నుండి తెచ్చి ఇంట్లో చెల్లించుకున్నారు. మా మామూ కథకు ఇది సరిగ్గా తిరగబడినది కదా! ఆ వార్త చదివి నేను సంతోషించినాను. హౌస్ డ్రైవరుగా ఉన్న మా బంధువుల అబ్బాయి మాత్రం తన కొలువు ఏమవుతుందోనని ఆ రాత్రి ఫోను చేసినాడు.

దుబాయిలో 2023లో ఒక సడలింపు వచ్చినది. మార్పిడి జాబితాలో లేని దేశస్థులు, సొంత దేశపు లైసెన్సు ఉంటే, స్కూలు తరగతులు లేకుండా నేరుగా పరీక్షకు కూర్చొనుటకు ఒకే ఒక అవకాశము. నెగ్గితే సరి, తప్పితే మళ్ళీ స్కూలులో చేరవలెను. మన లైసెన్సుకు సగం గౌరవము దక్కినదనుకోవచ్చు.

పోవువారు చేయదగిన పనులు రెండు మూడు చెప్పుతాను. పోకముందే మన లైసెన్సు గడువు చూసుకోవలెను, అక్కడ ఉండగా అది చచ్చిపోతే సడలింపులు కూడ అక్కరకు రావు. ఇంటర్నేషనల్ పర్మిటు మన రవాణా ఆఫీసులోనే ఇస్తారు, పాస్‌పోర్టు చూపవలెను. కేంద్ర నియమాల ప్రకారము రుసుము వెయ్యి రూపాయలు, గడువు సంవత్సరమునకు మించదు. 2022 ఆగస్టు నుండి దేశమంతటా ఒకే నమూనా, పైన క్యూఆర్ గుర్తు ఉంటుంది. ఈ మధ్య మన బండ్ల నెంబర్ల మీద ఏపీ పోయి 2014లో టీఎస్, 2024లో టీజీ వచ్చినవి గదా, పాత లైసెన్సు పనికిరాదేమోనని కొందరు భయపడుచున్నారు. గడువు ఉన్నంతవరకు పాతది పాతదిగానే చెల్లుతుంది. అక్కడి నుండి తిరిగి వచ్చేవారు ఆ దేశపు లైసెన్సు గడువు తీరకముందే దానిని ఇక్కడ చూపవలెను. తొమ్మిదవ సెక్షను మాట మరువవద్దు.

మామూకు ఆ మాట చెప్పినవారు లేరు. ఆయన 1996లో తిరిగి వచ్చినారు. ఇక్కడి పుస్తకము గడువు తీరి చాలా ఏండ్లైనది. జేబులో గల్ఫు కార్డు ఇంకా చెల్లుబాటులోనే ఉన్నది గాని, దానిని చూపవచ్చునని ఆయనకు తెలియదు, ఎవరూ అడగలేదు. ఎల్ఎల్ఆర్ తీసుకొని, ఎర్ర ఎల్ బోర్డు కట్టుకొని, కాలేజీ పిల్లల వరుసలో నిలబడినారు. నేను వెంట పోయినాను. ఎనిమిది వేయమన్నారు, వేసినారు. ఇన్‌స్పెక్టరు, పాపము కుర్రవాడు, మంచివాడే, “బాగానే నడుపుతున్నవ్ పెద్దాయనా, ఎన్ని దినాలు నేర్చుకున్నవ్?” అని అడిగినాడు.

“ముప్పై ఏండ్లు సార్” అన్నారు మామూ.

ఆ మూడవ లైసెన్సు ఇనుప పెట్టెలో లేదు. అది చివరి వరకు ఆయన అంగీ జేబులోనే ఉండేది.